ఫోన్ స్లో అయిపోయిందా? తరచుగా అడిగే ప్రశ్నలు

"కాస్త ఈ ఫోన్ చూడవా, ఎందుకో స్లో అయిపోయింది" అని చేతికిచ్చేవాళ్లు అడిగే సందేహాలు ఎప్పుడూ దాదాపు అవే. అందుకే ఒకచోట రాసిపెట్టాను. ప్రతి జవాబూ విడిగా చదివినా అర్థమవుతుంది, కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్ పేర్లు కంపెనీని బట్టి కొద్దిగా మారతాయి. నేను రాసిన పేరు కనిపించకపోతే సెట్టింగ్స్ పైభాగంలో ఉండే సెర్చ్‌లో వెతకండి.

## ఏదైనా డిలీట్ చేసే ముందు

స్లో అయింది ఫోనా, నెట్టా? ఎలా తెలుస్తుంది?

ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్ చేయండి. నెట్ ఆగిపోతుంది. ఇప్పుడు సెట్టింగ్స్ తెరిచి పైకీ కిందకీ జరపండి. కెమెరా తెరవండి. గ్యాలరీలో బాగా పాత ఫొటో ఒకటి చూడండి. కాలిక్యులేటర్ తెరిచి మూయండి. ఇవన్నీ చకచకా జరిగిపోతే మీ ఫోన్‌కి ఏ రోగమూ లేదు, సిగ్నల్‌తోనో వైఫైతోనో వచ్చిన తంటా అది. నెట్ లేకపోయినా స్క్రీన్ ఆగి ఆగి కదులుతుంటే, కెమెరా తెరుచుకోవడానికే నాలుగైదు సెకన్లు పడుతుంటే, అప్పుడు ఫోన్‌ని అనుమానించండి. ఈ చిన్న పరీక్ష చేయకుండా ఫొటోలు డిలీట్ చేసేసి, ఆ తర్వాత బాధపడేవాళ్లు చాలామందే ఉంటారు.

కొన్నప్పుడు మెరుపులా ఉండేది. రెండేళ్లకే ఎందుకిలా అయింది?

వయసు పెరిగినంత మాత్రాన ప్రాసెసర్ నెమ్మదించదు. మారేవి దాని చుట్టూ ఉన్నవి. స్టోరేజ్ నిండుతుంది, బ్యాటరీ నీరసిస్తుంది, వెనకాల నడిచే యాప్‌ల సంఖ్య పెరుగుతుంది. పైగా రెండేళ్ల క్రితం మీరు వేసుకున్న యాప్‌ పేరు ఇప్పటికీ అదే అయినా, లోపల మాత్రం అది వేరే యాప్ అయిపోయి ఉంటుంది. ప్రతి అప్‌డేట్‌కీ వీడియోలు, షాపింగ్, చాట్ అంటూ ఏదో ఒకటి చేరి బరువెక్కుతుంది. స్టోరేజ్, బ్యాటరీ, యాప్‌ల సంగతి మన చేతిలో ఉంది. యాప్‌ల బరువు మాత్రం లేదు.

ఒక్కోసారి బాగానే ఉంటుంది, ఒక్కోసారి మొండికేస్తుంది. ఎందుకు?

ఎప్పుడు మొండికేస్తోందో గమనించండి, సగం జవాబు అక్కడే ఉంటుంది. ఛార్జింగ్‌లో పెట్టి వాడుతున్నప్పుడైతే వేడి. బ్యాటరీ 20 శాతం దిగాక అయితే బ్యాటరీ సేవర్ దానంతటదే ఆన్ అవుతోందేమో చూడండి. వైఫై కలిసిన వెంటనే అయితే యాప్ అప్‌డేట్లు, ఫొటోల బ్యాకప్ ఒక్కసారిగా మొదలై ఉంటాయి. ఒక యాప్ తెరిచినప్పుడే అయితే తప్పు ఆ యాప్‌ది.

వీటిలో ఎవరూ పట్టించుకోనిది బ్యాటరీ సేవర్. ఎప్పుడో ప్రయాణంలో ఆన్ చేసి మరిచిపోతారు. చాలా ఫోన్లలో అది ప్రాసెసర్ వేగాన్ని తగ్గించేస్తుంది. ఐఫోన్‌లోని లో పవర్ మోడ్ కూడా అంతే.

రీస్టార్ట్ చేస్తే నిజంగా ఉపయోగం ఉందా, లేక ఊరికే చెప్పే మాటా?

ఉంది. ఇరుక్కుపోయిన ప్రాసెస్‌లు, మెమరీ తీసుకుని తిరిగి ఇవ్వని యాప్‌లు అన్నీ ఒక్కసారిగా తుడిచిపెట్టుకుపోతాయి. అయితే పక్క బటన్ నొక్కి స్క్రీన్ ఆర్పడం రీస్టార్ట్ కాదు. మెనూలో రీస్టార్ట్ ఎంచుకోవాలి. వారానికోసారి చేస్తే చాలు. చేసిన గంటకే మళ్లీ మొదటికొస్తే మాత్రం ఏదో యాప్ పనే.

అప్‌డేట్ చేసిన రోజు నుంచే స్లో అయింది. పాత వెర్షన్‌కి వెళ్లిపోవచ్చా?

తొందరపడకండి, ఒకటి రెండు రోజులు చూడండి. పెద్ద అప్‌డేట్ తర్వాత ఆండ్రాయిడ్ మీ యాప్‌లను కొత్త సిస్టమ్‌కి తగ్గట్టు మళ్లీ కంపైల్ చేసుకుంటుంది, అంటే వేగంగా నడిచే రూపంలోకి మార్చుకుంటుంది. ఈ పనిలో ఎక్కువ భాగం ఫోన్ ఛార్జింగ్‌లో ఉండి, ఎవరూ వాడనప్పుడు జరిగేలా ఏర్పాటు ఉంటుంది. ఐఫోన్ కూడా ఫొటోలనూ సెర్చ్ సమాచారాన్నీ మళ్లీ ఇండెక్స్ చేసుకుంటుంది, అంటే వెతకగానే దొరికేలా జాబితా రాసుకుంటుంది. రాత్రి ఛార్జర్‌కి పెట్టి, వైఫై ఆన్‌లో ఉంచి వదిలేయండి. ప్లే స్టోర్‌లోనో యాప్ స్టోర్‌లోనో పెండింగ్ అప్‌డేట్లన్నీ పూర్తిచేయండి.

వారం గడిచినా అలాగే ఉంటే ఆ వెర్షన్ మీ ఫోన్‌కి భారమైందని అర్థం. పాత వెర్షన్‌కి వెళ్లడం చాలా ఫోన్లలో సులువు కాదు. వీలైన చోట కూడా డేటా మొత్తం చెరిగిపోతుంది, సెక్యూరిటీ ప్యాచ్‌లూ పోతాయి. నేనైతే వెళ్లమని చెప్పను.

## స్టోరేజ్ దగ్గర

ఎంత ఖాళీ ఉంచాలి? ఇంకా రెండు జీబీ ఉందిగా, చాలదా?

చాలదు. మొత్తం స్టోరేజ్‌లో పది నుంచి పదిహేను శాతం ఖాళీ ఉంచడం మంచి లెక్క. 64 జీబీ ఫోన్‌లో ఏడెనిమిది జీబీ అన్నమాట.

కారణం ఇది. ఫోన్‌లో ఉండేది ఫ్లాష్ మెమరీ. అందులో పాత డేటా మీద నేరుగా కొత్తది రాయడం కుదరదు. ముందు ఒక బ్లాక్ మొత్తాన్ని చెరపాలి. ఆ బ్లాక్‌లో ఇంకా అవసరమైన డేటా ఉంటే దాన్ని వేరేచోటికి తరలించాలి. ఖాళీ బ్లాక్‌లు బోలెడు ఉన్నప్పుడు ఇది మీకు తెలియకుండానే జరిగిపోతుంది. నిండిపోయాక, అడుగు పెట్టే చోటు లేని గదిలో బీరువా జరపడం లాంటిదే. ప్రతిదానికీ ముందు మిగతా సామాను అటూ ఇటూ మార్చాలి. అందుకే నిండిన ఫోన్‌లో ఫొటో తీసి సేవ్ అయ్యేదాకా ఎదురుచూడాల్సి వస్తుంది, మెసేజ్ తెరిచినా ఒక క్షణం బిగుసుకుపోతుంది.

ఫోన్ స్లో అయిందని తెచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఇదే కారణం. ఒక్క పనే చేసే ఓపిక ఉంటే ఇదే చేయండి.

అమ్మ ఫోన్‌లో ఏమీ డౌన్‌లోడ్ చేయలేదు. అయినా స్టోరేజ్ ఫుల్ అంటోంది. ఎలా?

ఆమె చేయలేదు, వాట్సాప్ చేసింది. గ్రూపుల్లో వచ్చిన ప్రతి శుభోదయం బొమ్మా, ప్రతి ఫార్వర్డ్ వీడియో దానంతటదే ఫోన్‌లోకి దిగిపోతుంది.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ తెరవండి. 5 ఎంబీ కంటే పెద్ద ఫైళ్లు ఒకచోట, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి ఒకచోట పేర్చి చూపిస్తుంది. కింద ఏ చాట్ ఎంత స్థలం తింటోందో పెద్దదాని నుంచి చిన్నదాని వరకు వరుసగా ఉంటుంది. పై నాలుగైదు చాట్‌లలోనే సింహభాగం ఉంటుంది, అవన్నీ దాదాపు గ్రూపులే. ఒక్కో గ్రూపు తెరిచి పెద్ద వీడియోలతో మొదలుపెట్టండి. డిలీట్ కొట్టే ముందు ఆమెను పక్కన కూర్చోబెట్టుకోండి. మనకు చెత్తగా కనిపించేది మనవడి మొదటి అడుగుల వీడియో కావచ్చు.

పని అయ్యాక అదే స్టోరేజ్ అండ్ డేటాలో మీడియా ఆటో డౌన్‌లోడ్ కింద మొబైల్ డేటా, వైఫై, రోమింగ్ మూడింటికీ టిక్కులు తీసేయండి. ఇది వదిలేస్తే నెల తిరిగేసరికి మళ్లీ నిండుతుంది.

ఫొటోలు వందల కొద్దీ డిలీట్ చేశాను. అయినా ఖాళీ పెరగలేదు!

అవి ట్రాష్‌లో ఉన్నాయి. ఐఫోన్‌లో రీసెంట్లీ డిలీటెడ్ ఆల్బమ్‌లో 30 రోజులు ఉంటాయి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినవి 60 రోజులు ఉంటాయి. ట్రాష్ తెరిచి ఖాళీ చేస్తేనే స్థలం తిరిగొస్తుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. గూగుల్ ఫొటోస్‌లో మామూలుగా డిలీట్ కొడితే ఫోన్‌లోదీ పోతుంది, క్లౌడ్‌లోదీ పోతుంది. బ్యాకప్ ఉంచుకుని ఫోన్‌లోంచి మాత్రమే తీసేయాలంటే "ఫ్రీ అప్ స్పేస్" వాడాలి.

క్యాష్ రోజూ క్లియర్ చేయమంటున్నారు. చేయాలా?

అక్కర్లేదు. యాప్ మళ్లీ మళ్లీ వాడే బొమ్మలూ పేజీలూ దగ్గర పెట్టుకోవడమే క్యాష్. రోజూ తుడిచేస్తే అది రోజూ అవన్నీ మళ్లీ తెచ్చుకోవాలి, అంటే మీరే స్లో చేస్తున్నట్టు. ఏదైనా యాప్ క్యాష్ జీబీల్లోకి వెళ్లినప్పుడో, ఆ యాప్ సరిగ్గా పనిచేయనప్పుడో దానొక్కదానికి క్లియర్ చేయండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, యాప్స్, ఆ యాప్ పేరు, స్టోరేజ్ దగ్గర ఉంటుంది. పక్కనే ఉండే "క్లియర్ డేటా" జోలికి పోవద్దు. అది లాగిన్‌తో సహా అన్నీ చెరిపేస్తుంది.

ఐఫోన్‌లో అన్ని యాప్‌లకూ పనికొచ్చే క్యాష్ బటన్ లేదు. అక్కడ జనరల్, ఐఫోన్ స్టోరేజ్‌లో యాప్‌ని ఆఫ్‌లోడ్ చేయొచ్చు. యాప్ పోతుంది, దాని డేటా ఉంటుంది.

మెమరీ కార్డు వేస్తే స్పీడ్ పెరుగుతుందా?

ఫొటోలు, పాటలు, సినిమాలు కార్డులోకి మార్చి లోపల ఖాళీ పెంచితే పరోక్షంగా మేలే. యాప్‌లను కార్డులోకి మార్చడం మాత్రం వద్దు. కార్డులు లోపలి స్టోరేజ్ కంటే చాలా నెమ్మది. ఎలాగైనా యాప్‌లు పెట్టాల్సి వస్తే కార్డు మీద ఏ1 లేదా ఏ2 గుర్తు ఉందేమో చూడండి. ఏ1 అంటే సెకనుకి కనీసం 1500 చిన్న రీడ్‌లు, 500 రైట్‌లు చేయగలదని హామీ. ఏ2 అయితే 4000, 2000. పెట్టె మీద పెద్దక్షరాల్లో రాసే ఎంబీల లెక్క వీడియోలకు పనికొస్తుందేగానీ యాప్‌లకు కాదు.

## ర్యామ్, యాప్‌లు

వాడిన ప్రతి యాప్‌నీ స్వైప్ చేసి మూసేస్తాను. మంచి అలవాటే కదా?

కాదు. ఇది చెబితే ఎవరూ నమ్మరు. రీసెంట్స్‌లో, అంటే ఈమధ్య తెరిచిన యాప్‌ల జాబితాలో, కనిపించేవన్నీ నడుస్తున్న యాప్‌లు కావు. చాలావరకు నిద్రపోతున్నవే. ర్యామ్ (నడుస్తున్న యాప్‌లు వాడుకునే తాత్కాలిక మెమరీ) అవసరమైనప్పుడు పాతవాటిని తీసేసే పని సిస్టమే చేసుకుంటుంది. మీరు తోసేసిన యాప్‌ని అయిదు నిమిషాలకు మళ్లీ తెరిస్తే అది మొదటినుంచీ లోడ్ కావాలి. సమయమూ బ్యాటరీ రెండూ ఖర్చే. 2016లో ఆపిల్ సాఫ్ట్‌వేర్ అధిపతి క్రెయిగ్ ఫెడెరీగీని ఒక యూజర్ ఇదే అడిగితే, బ్యాటరీ కోసం యాప్‌లు మూసేయక్కర్లేదని జవాబిచ్చారు. ఆ వెంటనే, అప్పట్లో గూగుల్‌లో ఆండ్రాయిడ్ బాధ్యతలు చూస్తున్న హిరోషి లాక్‌హైమర్ కూడా అలాగే అన్నారు.

యాప్ బిగుసుకుపోయినప్పుడు దాన్ని మూయడం వేరు, అది చేయాల్సిందే. ర్యామ్ 80 శాతం నిండిందని చూసి కంగారు పడొద్దు. ఖాళీగా పడున్న ర్యామ్ వల్ల ఎవరికీ లాభం లేదు.

ఫోన్ బూస్టర్, క్లీనర్ యాప్‌లలో ఏది మంచిది?

ఏదీ వద్దు. నొక్కగానే చక్రం తిరిగి "1.2 జీబీ ర్యామ్ ఖాళీ అయింది" అని చూపిస్తుంది. నిజానికి నిద్రపోతున్న యాప్‌లను చంపింది, అవి కాసేపటికి మళ్లీ లేస్తాయి. ఈలోగా క్లీనర్ తనే వెనకాల నడుస్తూ, నోటిఫికేషన్లు పంపుతూ, ప్రకటనలు చూపిస్తూ ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో అడ్డదిడ్డంగా ప్రకటనలు చూపించే దాదాపు 600 యాప్‌లను గూగుల్ ప్లే స్టోర్ నుంచి తీసేసింది. ఒకటికి రెండు కాపీలుగా ఉన్న ఫైళ్లూ పెద్ద ఫైళ్లూ వెతకడానికి గూగుల్ ఫైల్స్ యాప్‌గానీ, ఫోన్‌తో వచ్చిన ఫైల్ మేనేజర్‌గానీ సరిపోతుంది.

సెట్టింగ్స్‌లో వర్చువల్ ర్యామ్ 8 జీబీ దాకా పెంచుకోవచ్చట. పెంచేయనా?

దాని వల్ల నిజంగా ర్యామ్ పెరగదు. స్టోరేజ్‌లో కొంత భాగాన్ని ర్యామ్‌కి తోడుగా వాడటమే అది. స్టోరేజ్ వేగం ర్యామ్ వేగానికి ఏమాత్రం సాటిరాదు. ఎక్కువ యాప్‌లు వెనకాల బతికి ఉండటానికి కొంత పనికొస్తుంది, ఉన్న యాప్‌ని వేగంగా నడపదు. అసలే స్టోరేజ్ నిండిన ఫోన్‌లో దీన్ని ఆపేస్తేనే నయం.

ఏదో ఒక యాప్ వల్లే అని అనుమానం. దొంగ ఎవరో ఎలా పట్టుకోవాలి?

సేఫ్ మోడ్. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ మెనూ తెరిచి, "పవర్ ఆఫ్" మీద వేలు నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలా అని అడుగుతుంది. ఫోన్ లేచాక స్క్రీన్ కింది మూలన ఆ మాట కనిపిస్తుంది. మీరు వేసుకున్న యాప్‌లేవీ అక్కడ నడవవు. ఒక గంట అలాగే వాడి చూడండి. ఫోన్ హాయిగా నడిస్తే తప్పు మీరు వేసుకున్నవాటిలో ఒకదానిదే. మామూలుగా రీస్టార్ట్ చేసి, ఈమధ్య వేసుకున్నవాటి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే తీసేస్తూ రండి. సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం లెక్క కూడా చూడండి. రోజంతా తెరవని యాప్ అక్కడ పైవరసలో ఉంటే అనుమానం లేదు, అదే.

కంపెనీ వాళ్లు వేసిన యాప్‌లు పోవడం లేదు. ఏం చేయాలి?

అన్‌ఇన్‌స్టాల్ లేకపోతే డిసేబుల్ ఉంటుంది. చేసేయండి. పేరు చూసి అదేమిటో అర్థం కాని సిస్టమ్ యాప్‌లను మాత్రం ముట్టుకోవద్దు.

హోమ్ స్క్రీన్ మీదే ప్రకటనలు వస్తున్నాయి. వైరస్ పట్టిందా?

ఏ యాప్ తెరవకుండానే ప్రకటన వస్తే ఏదో చెత్త యాప్ చేరినట్టే. ప్రకటన కనిపిస్తుండగా రీసెంట్స్ తెరవండి. అది ఏ యాప్ నుంచి వస్తోందో చాలాసార్లు అక్కడ ఐకాన్ చూపిస్తుంది. ప్లే స్టోర్‌లో ప్లే ప్రొటెక్ట్ స్కాన్ చేయండి. ఎవరో లింక్ పంపితే వేసుకున్న ఏపీకే (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా వేసుకునే యాప్ ఫైల్) ఏదైనా ఉంటే వెంటనే తీసేయండి. తీయడానికి ఒప్పుకోకపోతే, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ అనుమతులు దానికి ఉన్నాయేమో చూసి ముందు అవి రద్దు చేయండి. అలాంటి యాప్‌కి యాక్సెసిబిలిటీ అనుమతి ఇచ్చి ఉంటే స్లో కావడం చిన్న విషయం. అది మీ స్క్రీన్ చదవగలదు. వేరే ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి.

## బ్యాటరీ, వేడి

వేడెక్కితే స్లో అవుతుంది. పాడైనట్టా?

కాదు, తనను తాను కాపాడుకుంటోంది. వేడి ఒక హద్దు దాటగానే ప్రాసెసర్ తన వేగాన్ని తనే తగ్గించుకుంటుంది. ఆట ఆడుతూ ఛార్జింగ్ పెట్టడం, ఎండలో మ్యాప్స్ నడపడం, మందపాటి కవర్, ఈ మూడే ఎక్కువగా కారణాలు. కవర్ తీసి, ఛార్జర్ పీకి, నీడలో ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టకండి, లోపల తేమ పడుతుంది. ఏమీ చేయకుండా జేబులో ఉన్నా కాలుతుంటే వెనకాల ఏదో యాప్ ఆగకుండా నడుస్తోంది.

బ్యాటరీ పాతదైతే ఫోన్ స్లో అవుతుందా? బ్యాటరీకీ స్పీడ్‌కీ ఏం సంబంధం?

సంబంధం ఉంది. ప్రాసెసర్ పూర్తి వేగంతో పరుగెత్తాలంటే ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగాలి. ముసలి బ్యాటరీలో అంతర్గత నిరోధం పెరిగి, ఆ క్షణంలో వోల్టేజ్ పడిపోతుంది. ఫోన్ ఠక్కున ఆరిపోవచ్చు. దాన్ని తప్పించడానికి ఆపిల్ 2017 జనవరిలో వచ్చిన ఐఓఎస్ 10.2.1లో, బ్యాటరీ అరిగిన ఐఫోన్ల వేగం తగ్గించే ఏర్పాటు పెట్టింది. యూజర్లకు మాత్రం ఆ సంగతి స్పష్టంగా చెప్పలేదు. ఆ డిసెంబర్‌లో విషయం బయటపడి పెద్ద గొడవైంది. కంపెనీ క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్పిడి ధర తగ్గించింది. 2018లో ఐఓఎస్ 11.3తో బ్యాటరీ ఆరోగ్యం చూసుకునే పేజీ కూడా ఇచ్చింది.

ఐఫోన్‌లో ఆ పేజీలో సామర్థ్యం 80 శాతం దిగువన ఉంటే బ్యాటరీ మార్పించండి. ఆండ్రాయిడ్‌లో కొన్ని మోడళ్లే ఈ లెక్క చూపిస్తాయి. 30 శాతం చూపిస్తూ హఠాత్తుగా ఆరిపోవడం అందరికీ కనిపించే గుర్తు. వెనక మూత ఉబ్బితే మాత్రం స్పీడ్ సంగతి పక్కనపెట్టి, ఛార్జింగ్ ఆపేసి, వెంటనే సర్వీస్‌కి ఇవ్వండి.

## సెట్టింగ్స్‌లో చిన్న మార్పులు

యానిమేషన్ తగ్గిస్తే ఫోన్ ఫాస్ట్ అవుతుందట. నిజమేనా?

ఫోన్ ఫాస్ట్ కాదు, కళ్లకు అలా అనిపిస్తుంది. కానీ ఆ తేడా చాలా బాగుంటుంది, పాత ఫోన్ ఏది చేతికొచ్చినా నేను ముందు ఇది చేస్తాను.

సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ తెరిచి, బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తట్టండి. కొన్ని కంపెనీల ఫోన్లలో బిల్డ్ నంబర్‌కి బదులు వాళ్ల సిస్టమ్ వెర్షన్ మీద తట్టాలి. పాస్‌వర్డ్ అడిగి, డెవలపర్ అయ్యారని చెబుతుంది. ఇప్పుడు డెవలపర్ ఆప్షన్స్‌లో విండో యానిమేషన్ స్కేల్, ట్రాన్సిషన్ యానిమేషన్ స్కేల్, యానిమేటర్ డ్యూరేషన్ స్కేల్ అని మూడు వరుసలుంటాయి. మూడూ 1ఎక్స్‌లో ఉంటాయి, 0.5ఎక్స్ చేయండి. పూర్తిగా ఆపేస్తే యాప్‌లు గంతులేస్తున్నట్టుంటుంది, నాకైతే నచ్చలేదు. ఆ పేజీలో మిగతా వేటినీ కదపకండి. ఐఫోన్‌లో యాక్సెసిబిలిటీ, మోషన్ కింద రిడ్యూస్ మోషన్ ఉంది.

లైవ్ వాల్‌పేపర్, విడ్జెట్లు తీసేయాలా?

ర్యామ్ 3 జీబీ, అంతకంటే తక్కువ ఉంటే తీసేయండి. ఎక్కువ ఉంటే మీ ఇష్టం.

టైప్ చేస్తుంటే అక్షరాలు ఆలస్యంగా పడుతున్నాయి. మిగతా అంతా బాగానే ఉంది.

కీబోర్డ్ యాప్‌ని అప్‌డేట్ చేసి దాని క్యాష్ క్లియర్ చేయండి. వాడని భాషలు, థీమ్‌లు తీసేయండి. వేలు నొక్కినా స్పందించకపోతే స్క్రీన్ గార్డ్ ఒకసారి తీసి చూడండి. అంచు లేచిన గార్డ్ కిందకు చేరిన తేమ, దుమ్ము వల్ల టచ్ దెబ్బతింటే ఫోన్ స్లో అయిందనుకునేవాళ్లున్నారు.

## చివరి ప్రయత్నాలు

ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే కొత్తదానిలా అవుతుందా?

ఏళ్ల తరబడి పేరుకున్నదంతా పోతుంది కాబట్టి తేడా కనిపిస్తుంది. ర్యామ్, ప్రాసెసర్ మాత్రం పాతవే. ముందు ఫొటోల బ్యాకప్ నిజంగా అయిందో లేదో మరో ఫోన్‌లోగానీ కంప్యూటర్‌లోగానీ తెరిచి చూడండి. వాట్సాప్‌కి బ్యాకప్ విడిగా తీయాలి. లాగిన్ కోడ్‌లు ఇచ్చే ఆథెంటికేటర్ యాప్ ఉంటే దాన్ని వేరే ఫోన్‌కి మార్చుకోండి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకోండి. కొన్ని సందర్భాల్లో రీసెట్ తర్వాత అదే ఖాతాతో లాగిన్ కాకపోతే ఫోన్ తెరుచుకోదు.

రీసెట్ అయ్యాక పాత యాప్‌లన్నీ ఒక్కసారిగా రీస్టోర్ చేయకండి. అవసరం పడినప్పుడు ఒక్కొక్కటే వేసుకోండి. లేకపోతే చెత్తంతా మళ్లీ వెనక్కి తెచ్చుకున్నట్టే.

ఇన్ని చేసినా లాభం లేదు. కొత్త ఫోన్ కొనాల్సిందేనా?

రీసెట్ చేసి, అవసరమైన నాలుగు యాప్‌లే వేసినా ఈడుస్తుంటే అవును. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్ అయితే స్పీడ్ కోసం కాకపోయినా మార్చడం మంచిది, ముఖ్యంగా బ్యాంకు పనులు అందులోనే చేస్తుంటే.

కొనేటప్పుడు కెమెరా మెగాపిక్సెల్స్ కంటే ముందు స్టోరేజ్ రకం చూడండి. ఈఎంఎంసీ పాత రకం, ఒక సమయంలో చదవడమో రాయడమో ఏదో ఒకటే చేయగలదు. యూఎఫ్ఎస్ రెండూ ఒకేసారి చేస్తుంది. ఒకే ర్యామ్ ఉన్న రెండు ఫోన్లలో ఒకటి మూడేళ్లకు కూడా చలాకీగా ఉండి, మరొకటి మొరాయించడానికి తరచూ ఇదే కారణం. ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తామన్నారో కూడా చూడండి. 2023 అక్టోబర్‌లో గూగుల్ పిక్సెల్ 8కి ఏడేళ్లు ప్రకటించింది, తర్వాత శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24కి కూడా అంతే ఇచ్చింది. తక్కువ ధర ఫోన్లలో ఇది చాలా తక్కువ ఉంటుంది.

పాత ఫోన్ ఎవరికైనా ఇచ్చేముందు ఏం చేయాలి?

ముందు సెట్టింగ్స్‌లో గూగుల్ ఖాతాని తొలగించండి, ఐఫోన్ అయితే ఐక్లౌడ్ నుంచి సైన్ అవుట్ అయి ఫైండ్ మై ఆపేయండి. ఆ తర్వాతే రీసెట్ చేయండి. క్రమం తప్పితే కొత్తగా తీసుకున్నవాళ్లు లాక్ స్క్రీన్ దగ్గరే ఆగిపోయి మీకు ఫోన్ చేస్తారు. ఇప్పటి ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, రీసెట్‌తో దాని కీ చెరిగిపోతుంది కాబట్టి పాత ఫొటోలు ఎవరైనా తిరిగి తీస్తారేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. సిమ్, మెమరీ కార్డు మాత్రం తీసుకోవడం మర్చిపోకండి. రీసెట్ కార్డుని చెరపకపోవచ్చు.